సాయంత్రమైతే రొమ్ము పట్టి వదిలేసి ఏడుస్తున్న ఏడు వారాల బాబు: పాలు చాలడం లేదా?

ప్రశ్న: కొర్లగుంట తల్లి, తిరుపతి

అందరికీ నమస్కారం. మా బాబుకు నేటికి 52 రోజులు. సిజేరియన్ కాన్పు. పుట్టినప్పుడు 2 కిలోల 900 గ్రాములు ఉన్నాడు. అయిదో రోజు ఇంటికి వచ్చేటప్పటికి 2 కిలోల 750 గ్రాములకు తగ్గాడు. నాకు ఇంకా పాలు పడలేదని కాన్పయిన ఆసుపత్రిలో మొదటి రెండు రోజులు డబ్బా పాలు పట్టారు. మూడో రోజు నుంచి నా పాలు తప్ప వేరే ఏమీ ఇవ్వలేదు. ఆరు వారాల టీకాలు వేయించిన రోజున, అంటే నలభై అయిదో రోజున, తూకం వేస్తే 4 కిలోల 300 గ్రాములు ఉన్నాడు.

పగలంతా పెద్దగా ఇబ్బంది లేదు. రెండు గంటలకొకసారి లేచి తాగి పడుకుంటాడు. సాయంత్రం దీపం పెట్టే వేళకు మొదలవుతుంది. రొమ్ము అందించగానే ఆత్రంగా పట్టుకుంటాడు. నిమిషమైనా గడవకముందే దగ్గి, వదిలేసి, వీపును విల్లులా వెనక్కి వంచి, పిడికిళ్లు బిగించి గుక్కపట్టి ఏడుస్తాడు. భుజాన వేసుకుని తిప్పితే ఊరుకుంటాడు. మళ్లీ ఆకలన్నట్టు పిడికిలి చీకుతాడు. మళ్లీ రొమ్ము ఇస్తే మళ్లీ అదే వరుస. ఇలా రాత్రి పది గంటల దాకా సాగుతుంది. తాగేటప్పుడు మధ్యమధ్య నాలుక చప్పరించినట్టు టక్కు టక్కుమని శబ్దం వస్తుంది. విరేచనం కొన్నిసార్లు ఆకుపచ్చగా, నురుగుగా ఉంటోంది.

మా వారికి శ్రీసిటీలో ఉద్యోగం. వారంలో నాలుగు రోజులు ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండవుతుంది. ఇంట్లో నేనూ మా అత్తగారూ ఉంటాము. ఆమె నా మీద ప్రేమతోనే, బిడ్డ మీద బెంగతోనే, నా పాలు చాలడం లేదని, రాత్రికి ఒక సీసా డబ్బా పాలు పడితే బిడ్డ కడుపునిండా తాగి పడుకుంటాడని అంటున్నారు. నాకూ అదే అనుమానం మొదలయింది. మొదటి నెలలో రొమ్ములు రాయిలా బరువెక్కి, రవిక తడిసిపోయేది. ఇప్పుడు మెత్తగా ఉంటున్నాయి. మొన్న పంపుతో పిండి చూస్తే పావుగంటకు 40 మిల్లీలీటర్లు మాత్రమే వచ్చాయి. ఆ సీసా చూసి ఎంతసేపు ఏడ్చానో చెప్పలేను.

పక్కింటివారు గ్రైప్ వాటర్ పట్టమంటున్నారు. నీళ్లు పోయడానికి వచ్చే అవ్వ వస అరగదీసి తేనెతో నాకించమంటోంది. ఎండలు మండిపోతున్నాయి కనుక కాచి చల్లార్చిన నీళ్లు రెండు చెంచాలు పట్టాలని మరొకరు అంటున్నారు. ఏది చేయాలో, ఏది చేయకూడదో తెలియడం లేదు. ఇలాంటి సాయంత్రాలు గడిపిన తల్లులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి, చిత్తూరు

చెల్లెమ్మా, మీరు రాసిన ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఆగి చదివాను. మా పెద్దమ్మాయికి ఏడు వారాల వయసులో నేను సరిగ్గా ఈ స్థితిలోనే ఉన్నాను. నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదన్న తాపత్రయంతో రాస్తున్నాను.

అప్పుడు నేనూ పాలు చాలడం లేదనే నమ్మాను. రాత్రి ఎనిమిది గంటలకు ఒక సీసా డబ్బా పాలు మొదలుపెట్టాము. మొదటి రోజు పాప తాగి నాలుగు గంటలు కదలకుండా పడుకుంటే ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాము. అయితే ఆ నాలుగు గంటలూ నా రొమ్ము నుంచి పాలు తీసేవారు లేరు. ఉన్న పాలు బయటికి పోకపోతే శరీరం మళ్లీ పాలు చేయదు. వారం తిరిగేసరికి తెల్లవారుజామున కూడా పాలు తగ్గినట్టనిపించి రెండో సీసా, మరో పది రోజులకు మూడోది వచ్చాయి. సీసాలో పాలు పీల్చకముందే ధారగా నోట్లో పడుతుంటే పాపకు రొమ్ము దగ్గర కష్టపడే ఓపిక పోయింది. నాలుగో నెలలో రొమ్ము చూపిస్తే ముఖం తిప్పుకుంది. ఒక రాత్రి డబ్బా మూత తీస్తూ దాని మీద అచ్చువేసిన మాట చదివాను: బిడ్డకు తల్లి పాలే శ్రేష్ఠమని. 1992 నాటి చట్టం ప్రకారం ప్రతి డబ్బా మీదా ఆ మాట ఉండి తీరాలట. అప్పటికి నా దగ్గర పాలు దాదాపు లేవు.

మా చిన్నవాడు పుట్టినప్పుడు మళ్లీ ఆరో వారంలో అవే సాయంత్రాలు వచ్చాయి. ఈసారి నేను రొమ్మును చూడటం మానేసి వాడి గుడ్డలను చూశాను. వాడు ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని గుడ్డలు తడుపుతున్నాడో ఒక పలక మీద గీతలు గీశాను. ఎనిమిదికి తగ్గలేదు. లోపలికి పోని పాలు బయటికి మూత్రంగా ఎలా వస్తాయి? ఆ గీతలే నన్ను నిలబెట్టాయి.

సాయంత్రాలకు నాకు ఉపయోగపడినవి రెండు చెబుతాను. ఒకటి, అయిదున్నరకే గదిలో దీపం తగ్గించి, టీవీ ఆపించి, వాడికి చొక్కా తీసేసి నా ఛాతీకి ఆనించుకుని పడుకునేదాన్ని. తాగమని బలవంతపెట్టేదాన్ని కాదు. ఒంటి వెచ్చదనానికి వాడే కాసేపటికి వెతుక్కునేవాడు. రెండు, కూర్చుంటే ఏడ్చే రోజుల్లో నిలబడి, వాడిని అడ్డంగా ఎత్తుకుని, నెమ్మదిగా నడుస్తూ పాలిచ్చాను. మా వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి పద్నాలుగు అడుగులు.

మీ బాబు రోజుకు ఎన్నిసార్లు తడుపుతున్నాడో రాయండి. మిగతా సంగతులు దాని తర్వాత.

జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, తిరుపతి

అమ్మా, ప్రసూతి వార్డులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. మీరు అడిగినది ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నా అందులో రెండున్నాయి. పాలు చాలుతున్నాయా అన్నది ఒకటి; బాబు రొమ్ము దగ్గర ఎందుకు ఏడుస్తున్నాడన్నది మరొకటి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే చాలా ఇళ్లలో అవసరం లేని సీసా వచ్చి చేరుతుంది.

మొదటిదానికి మీరు రాసిన అంకెలే సమాధానం చెబుతున్నాయి. అయిదో రోజు 2,750 గ్రాములు, నలభై అయిదో రోజు 4,300 గ్రాములు. నలభై రోజుల్లో 1,550 గ్రాములు పెరిగాడు. మొదటి మూడు నెలల్లో బిడ్డ రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే చాలునంటాము. మీ వాడు దాదాపు 39 గ్రాములు పెరిగాడు. పాలు చాలని బిడ్డ ఇలా పెరగడు. మీ అత్తగారిని కూర్చోబెట్టి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. ఆమె బెంగ న్యాయమైనదే. దానికి సమాధానం మాటల్లో కన్నా తూకంలో బాగా దొరుకుతుంది.

రొమ్ములు మెత్తబడటం పాలు తగ్గిన గుర్తు కాదు. మొదటి వారాల్లో బిడ్డకు ఎంత కావాలో శరీరానికి తెలియదు కనుక ఎక్కువగా చేసి నిల్వ పెడుతుంది; అందుకే ఆ బరువూ, ఆ కారడమూ. ఆరో వారం అటూ ఇటూగా బిడ్డ తాగే మేరకు చేయడం అలవాటు చేసుకుంటుంది. పంపులో వచ్చిన 40 మిల్లీలీటర్లను కూడా కొలతగా తీసుకోకండి. బిడ్డ తాగిన తర్వాత, మనసులో భయం పెట్టుకుని, ప్లాస్టిక్ గరాటుతో పిండితే అంత రావడమే ఎక్కువ. బిడ్డ నోటికి దిగే పాలు పంపుకు దిగవు.

ఇక రెండో ప్రశ్న. నేను వార్డులో చేరిన కొత్తలో మా పెద్ద సిస్టర్ ఒక పని నేర్పారు: బిడ్డ ఏడుస్తున్నాడని కాదు, తాగడంలో ఏ ఘట్టంలో ఏడుస్తున్నాడో చూడమన్నారు. ఆవు దూడను వదలగానే పాలు చేపినట్టే తల్లికి కూడా బిడ్డ చీకడం మొదలుపెట్టిన తర్వాత పాలు చేపుకు వస్తాయి. చేపు రాకముందు, అంటే పట్టీ పట్టగానే లాగుతూ, గుంజుతూ ఏడిస్తే పాలు దిగడానికి ఆలస్యమవుతోందన్న మాట. తల్లి అలసట, నొప్పి, ఆందోళన ఇందుకు కారణాలు కావచ్చు. గోరువెచ్చని గుడ్డ కాపడం, చేత్తో మెల్లగా నిమరడం, బిడ్డ తాగుతుండగా రొమ్మును అరచేత్తో సున్నితంగా నొక్కి పట్టడం పనిచేస్తాయి. చేపు వచ్చిన క్షణంలో దగ్గి, పొలమారి, వదిలేసి ఏడిస్తే పాలు వాడు మింగగలిగిన దానికన్నా వేగంగా వస్తున్నాయన్న మాట. తాగిన తర్వాత, పడుకోబెట్టగానే మెలికలు తిరిగితే గాలి మింగి ఉండవచ్చు, లేదా పాలు పైకి తన్నుతుండవచ్చు. త్రేన్పు తీయించి ఇరవై నిమిషాలు నిలువుగా ఎత్తుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

మీరు రాసినదాన్ని బట్టి నాకు రెండోదే అనిపిస్తోంది. నిమిషం లోపు దగ్గి వదలడం, టక్కుమనే శబ్దం, నురుగు పచ్చ విరేచనం, మంచి బరువు. ఇవన్నీ పాలు ఎక్కువై, వేగంగా వస్తున్న తల్లుల దగ్గర ఒకచోట కనిపిస్తాయి. వరదలో నోరు పెట్టినవాడు నీళ్లు చాలక ఏడవడు. అయినా మీరే కళ్లతో చూడండి: ఈ సాయంత్రం వాడు దగ్గి వదిలిన క్షణంలో రొమ్ము నుంచి పాలు చిమ్ముతున్నాయా? చిమ్ముతుంటే ఇలా చేయండి.

బాబు చీకడం మొదలుపెట్టి చేపు వచ్చినట్టు తెలియగానే ఒకసారి విడిపించి, మెత్తని గుడ్డలోకి ఆ మొదటి ధారను పోనిచ్చి, వేగం తగ్గాక మళ్లీ పట్టించండి. విడిపించేటప్పుడు లాగకుండా, మీ చిటికెన వేలిని వాడి నోటి మూలలోకి పోనిస్తే పట్టు వదులుతాడు. మీరు నిటారుగా కూర్చుని ఒడిలోకి వంగి ఇవ్వడం మానేసి, రెండు దిండ్లకు ఆనుకుని వెనక్కి వాలి, బాబును మీ పొట్ట మీద బోర్లా పడుకోబెట్టి, వాడి ముఖం రొమ్ముకు పైవైపు ఉండేలా చూసుకోండి. అప్పుడు పాలు వాడి గొంతులోకి జారిపడవు. వాడు పీల్చినంతే వస్తాయి. సిజేరియన్ కుట్ల మీద బరువు పడుతుందనిపిస్తే కాళ్లను మీ పక్కవైపు ఉంచండి. ఒక రొమ్మును వాడంతట వాడు వదిలేదాకా తాగనిచ్చి, తర్వాతే రెండోది ఇవ్వండి. అయిదేసి నిమిషాలకు మారుస్తుంటే తొలి పలుచని పాలే రెండువైపులా ఎక్కువగా చేరి నురుగు విరేచనం అవుతుంది. అయితే గంటల తరబడి ఒక్కవైపే ఇచ్చే పద్ధతిని మాత్రం ఎవరినీ అడగకుండా మొదలుపెట్టవద్దు. పాలు అవసరానికి మించి తగ్గిపోవచ్చు.

మరొక మాట. బాబు వదిలినప్పుడు మీరుగానీ, పక్కనున్న పెద్దలుగానీ వాడి తల వెనక చెయ్యి పెట్టి రొమ్ము వైపు నొక్కుతున్నారా? వార్డులో నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. తల వెనక నొక్కితే ఏ బిడ్డయినా వెనక్కే తోస్తాడు. మెడ కింద, భుజాల దగ్గర చెయ్యి ఉంచండి. తల స్వేచ్ఛగా ఉండాలి. నోరు బాగా తెరిచి, గడ్డం రొమ్ముకు ఆని, కింది పెదవి బయటికి మడిచి, చనుమొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లని భాగంలో కిందివైపు ఎక్కువగా నోట్లోకి పోవాలి. మీకు నొప్పి ఉండకూడదు.

సాయంత్రమే ఎందుకంటే, ఈ వయసు బిడ్డల ఏడుపుకు ఒక వరుస ఉంది. రెండో వారంలో మొదలై ఆరో వారం ప్రాంతంలో శిఖరానికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. సాయంత్రం వేళ గంటకొకసారి, అరగంటకొకసారి తాగాలనుకోవడం కూడా ఈ వయసులో మామూలే. మీ బాబు ఇప్పుడు సరిగ్గా ఆ శిఖరం మీద ఉన్నాడు.

గ్రైప్ వాటర్, వస, నీళ్లు ఏవీ వద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లి పాలు, డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు, అవసరమైన మందులు తప్ప మరేమీ అక్కరలేదు. తల్లి పాలలో సుమారు 88 శాతం నీరే. మన ఎండలకు కూడా అది సరిపోతుంది. నీళ్లు పడితే ఆ చిన్న కడుపులో పాల చోటు తగ్గుతుంది. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాలుకకు కూడా తాకించవద్దు. అందులో ఉండగల సూక్ష్మజీవి వల్ల పసిబిడ్డలకు బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతున్నాను. స్నానం సాయంత్రం చేయిస్తున్నారా? తర్వాత సాంబ్రాణి పొగ పడుతున్నారా? ముక్కు మూసుకుపోయిన బిడ్డ నోటితో ఊపిరి తీసుకోవాలి. అదే నోటితో పాలు తాగలేడు. పట్టిన మరుక్షణం వదిలేస్తాడు.

కొర్లగుంట తల్లి

అమ్మా, మీ జవాబును మా అత్తగారికి చదివి వినిపించాను. ఆమె రెండోసారి కూడా చదవమన్నారు.

స్నానం సాయంత్రం అయిదు గంటలకే చేయిస్తున్నాము. అవ్వ కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోశాక ముక్కులో రెండు చుక్కలు ఆముదం వేస్తుంది. తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి వేసి, బాబును ఆ పొగ మీదుగా తిప్పుతుంది. ఆ తర్వాత వాడికి ముక్కు గురగురలాడుతుంది. ఇన్నాళ్లూ దాన్నీ ఏడుపునూ నేను కలిపి చూడలేదు. దిష్టి అనుకుని మంగళవారం, ఆదివారం ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేస్తున్నాము కూడా.

చిత్తూరు అక్కయ్య అడిగినట్టు నిన్నటి నుంచి లెక్కపెట్టాను. ఇరవై నాలుగు గంటల్లో తొమ్మిది తడిపాడు, నాలుగుసార్లు విరేచనం అయింది. నిన్న సాయంత్రం గడియారం చూస్తూ పాలు పట్టాను. నలభై సెకన్లకు దగ్గి వదిలాడు. వదిలిన రొమ్ము నుంచి పాలు మూడు ధారలుగా చిమ్మి వాడి చెంప మీదా, నా మోచేతి మీదా పడ్డాయి. ఇన్ని రోజులూ నేను వాడి ఏడుపునే చూశాను తప్ప ఆ ధారలను చూడలేదు. తల వెనక నొక్కడం కూడా నిజమే; నేనే నొక్కుతున్నాను.

ఒక ప్రశ్న ఉంది. డబ్బా పాలు ఎప్పుడూ పట్టకూడదా? ఎప్పుడు డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి?

జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, తిరుపతి

ముక్కులో నూనె వేయడం నేటితో ఆపేయండి తల్లీ. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నిమ్ము వంటి జబ్బు చేస్తుంది. ముక్కు మూసుకుపోతే మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు పాలకు ముందు ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు వేస్తే చాలు. సాంబ్రాణి మీద మీ ఇంటివారికి ఉన్న మమకారం నాకు తెలుసు. పూజగదిలో వేసుకోండి, బిడ్డ ఉన్న గదిలో వద్దు. దిష్టి తీయడం మీ నమ్మకం, నేను కాదనను. మిరపకాయల ఘాటు మాత్రం బాబుకు తగలనివ్వకండి.

డబ్బా పాలు విషం కాదు. బరువు పెరగని బిడ్డకు, తల్లి పాలు ఇవ్వలేని పరిస్థితిలో ఉన్నప్పుడు, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం పట్టాలి. అప్పుడు కూడా సీసాతో కాక ఉగ్గుగిన్నెతో పడితే రొమ్ము మరిచిపోడు. మీ బాబుకు నేటికి ఆ అవసరం కనిపించడం లేదు.

ఇక డాక్టరు సంగతి. ఒళ్లు కాలి జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, దాటినా, పాలు తాగకుండా మత్తుగా పడి ఉన్నా, వాంతి ఆకుపచ్చగా అయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా, రోజుకు ఆరు కన్నా తక్కువ తడిపినా, ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు ఎగరేసినా, ఏడుపు ఎప్పటిలా కాక కీచుమని ఆగకుండా ఉన్నా తెల్లవారేదాకా ఆగవద్దు. రుయా ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది; వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి. అలాగే వాడి బుగ్గల లోపల, నాలుక మీద తుడిస్తే పోని తెల్లని పూత ఉందేమో వెలుతుర్లో చూడండి. ఉంటే అది నోటి పూత. దాని వల్ల కూడా పట్టి వదిలేస్తారు. అప్పుడు తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ మందు వాడాలి.

సీసా చూసి ఏడ్చానని రాశారు. ఆ మాట నేను దాటిపోలేదు. నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా మనసు లేకపోవడం, ఊరికే కన్నీళ్లు రావడం రెండు వారాలకు మించి ఉంటే అది బలహీనత కాదు, కాన్పు తర్వాత వచ్చే మనోవ్యాకులత. దానికి వైద్యం ఉంది. మానసిక ఆరోగ్యానికి సాయం చేసే టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఏడుపు భరించలేననిపించిన క్షణంలో బాబును ఉయ్యాలలో వెల్లకిలా పడుకోబెట్టి, అత్తగారికి చెప్పి, పది నిమిషాలు బయట నిలబడండి. ఎంత విసుగొచ్చినా బిడ్డను పట్టి ఊపకూడదు.

జవాబు: ఒక అత్తగారు, చంద్రగిరి

ఇక్కడ అందరూ తల్లులే రాస్తున్నారు. నేను అత్తగారి వైపు నుంచి రాస్తున్నాను. మూడేళ్ల కిందట మా కోడలితో ఈ మాటలే నేను కూడా అన్నాను. మనవడు ఏడుస్తుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు. ఏదో ఒకటి చేయాలి, చేతిలో ఉన్నది సీసా ఒక్కటే. పైగా పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గించాను, ఆకుకూరలు పెట్టలేదు, వెల్లుల్లి కారంతో అన్నమే రెండు పూటలా పెట్టాను. మా అమ్మ నాకు అలాగే చేసింది. దాహమేసినప్పుడల్లా నీళ్లు తాగనివ్వాలని, పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు అన్నీ పెట్టాలని మా ఊరి ఏఎన్ఎం వచ్చి చెప్పేదాకా నాకు తెలియదు.

అమ్మాయీ, మీ అత్తగారికి ఒక పని అప్పజెప్పండి. ఊరికే చూస్తూ కూర్చున్న మనసుకే భయం ఎక్కువ. మా ఇంట్లో నేను సాయంత్రం ఆరింటికి కోడలికి భోజనం పెట్టేసేదాన్ని, ఎందుకంటే ఆ తర్వాత పది దాకా ఆమె చేతులు ఖాళీ ఉండవు. పాలిచ్చేటప్పుడు పక్కన చెంబుతో నీళ్లు పెట్టేదాన్ని. బిడ్డ వదిలి ఏడ్చినప్పుడు భుజాన వేసుకుని త్రేన్పు తీయించి, శాంతించాక మళ్లీ తల్లి చేతికి ఇచ్చేదాన్ని. ఏడుస్తున్న నోట్లో రొమ్ము కుక్కకూడదని నాకు అనుభవంలో తెలిసింది. అప్పుడు నాలుక పైకి లేచి ఉంటుంది, పట్టుకోలేడు. పెదవులు చప్పరిస్తున్నప్పుడు, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నప్పుడు, సగం నిద్రలో ఉన్నప్పుడు ఇస్తే హాయిగా తాగుతాడు. ఏడుపు దాకా వచ్చిందంటే ఆకలి అప్పటికే ముదిరిందన్న మాట.

కొర్లగుంట తల్లి (పన్నెండు రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

స్నానం ఉదయానికి మార్చాము. ముక్కులో ఆముదం, సాంబ్రాణి పొగ రెండూ ఆపాము. అవ్వ రెండు రోజులు నొచ్చుకుంది, మా అత్తగారే సర్దిచెప్పారు. మూడో రోజుకు ముక్కు గురగుర తగ్గింది. వెనక్కి వాలి పాలివ్వడం మొదటి రెండు సాయంత్రాలు కుదరలేదు. బాబు జారిపోతున్నట్టు అనిపించి భయపడ్డాను. మోకాళ్ల కింద కూడా ఒక దిండు పెట్టుకున్నాక నిలకడ వచ్చింది. ఇప్పుడు దగ్గడం చాలా తగ్గింది, టక్కుమనే శబ్దం అప్పుడప్పుడు మాత్రమే వస్తోంది. విరేచనం పసుపు రంగుకు తిరిగింది.

ఏడుపు పూర్తిగా పోలేదు. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఇప్పటికీ ఏడుస్తాడు, కానీ మధ్యలో తాగుతున్నాడు. మా వారు ఇంట్లో ఉన్న రోజుల్లో ఆ గంట వారే భుజాన వేసుకుని మేడ మీద తిప్పుతున్నారు. అత్తగారు క్యాలెండరులో ప్రతి తేదీ కింద తడి గుడ్డలకు గీతలు గీస్తున్నారు, నిన్నటికి ఎనిమిది. ఈ ఉదయం అంగన్‌వాడీలో తూకం వేయిస్తే 4 కిలోల 850 గ్రాములు ఉన్నాడు. ఆ అంకె ఆమె రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. సీసా కొనలేదు.

రాత్రి పూట పక్కకు తిరిగి పడుకుని పాలిస్తే పాలు పక్కకు కారిపోయి వాడికి సులువుగా ఉంటోంది. అలా ఇవ్వవచ్చా, లేక చెవిలోకి పాలు పోతాయని పెద్దలు అంటున్నది నిజమా?

జవాబు: విశ్రాంత స్టాఫ్ నర్సు, తిరుపతి

సుమారు ఇరవై రోజుల్లో 550 గ్రాములు. చాలా సంతోషంగా ఉంది తల్లీ. పక్కకు తిరిగి నిస్సందేహంగా ఇవ్వవచ్చు. బాబును కూడా మీ వైపు పూర్తిగా తిప్పి, పొట్టకు పొట్ట ఆనేలా పడుకోబెట్టండి. వెల్లకిలా ఉంచి మెడ ఒక్కటే తిప్పితే మింగడం కష్టమవుతుంది. తల శరీరం కన్నా కొంచెం ఎత్తులో మీ మోచేతి వంపులో ఉంటే మంచిది. బయటి నుంచి చెవిలోకి కారిన పాలు లోపలికి పోవు. పడుకోబెట్టేముందు పొడి గుడ్డతో చెవి వెనక, మెడ మడతల్లో తుడిస్తే చాలు, లేకపోతే ఈ ఎండలకు అక్కడ ఒరుస్తుంది. తాగడం అయ్యాక మాత్రం వాడిని దిండ్లూ దుప్పట్లూ లేని తన పక్క మీద వెల్లకిలా మార్చిన తర్వాతే మీరు నిద్రపోండి. మీకు కళ్లు మూతలు పడుతున్న రాత్రి ఉంటే పక్కనున్నవారిని ముందే లేపి కూర్చోబెట్టుకోండి.